జంట వాల్వు

ఉదయం పది గంటల పది నిమిషాలకు అణు విద్యుత్ కేంద్రంలో మూడో నంబరు ట్యాంకు నీటిమట్టం సగానికి పడిపోయి కనిపించింది. ఆ నీళ్ళకు ఎవరూ శాంపిల్ తీయలేదు. ల్యాబ్‌లో పరీక్ష జరగలేదు. వదలమని ఎవరూ చెప్పలేదు. ఆ సగం నీళ్ళూ అప్పటికే కాలువ దాటి సముద్రంలో కలిసిపోయాయి.

మొదట చూసినవాడు పంపు ఆపరేటరు. పంపుకు చెవి ఆనించి దాని జబ్బేమిటో చెప్పగలడని అతన్ని చెవులపిల్లి అంటారు. ఆ రోజు చెవులకు ఏమీ తెలియలేదు, కళ్ళకే తెలిసింది. మీటరు వంక చూసి, వేలితో కొట్టి, మళ్ళీ చూశాడు.

"సార్, మూడో ట్యాంకు ఎవరు తాగేశారు?" అన్నాడు.

ఆ సార్ వ్యర్థజలాల విభాగం సూపర్‌వైజరు. ప్లాంటులో అందరూ అతన్ని పెద్దల్లుడు అంటారు, వెనక. ల్యాబ్‌లో కెమిస్టుగా ఉన్న అతని తోడల్లుణ్ణి చిన్నల్లుడు అంటారు, ఎదురుగానే. వాళ్ళ అత్తగారు ఏనాడూ ఆ ప్లాంటు గేటు దగ్గరికి కూడా రాలేదు. అయినా క్యాంటీన్‌లో ఆవిడ పెట్టిన పేర్లే చెలామణి అయ్యాయి.

పోయిన వారం కథలో మనం పెద్దల్లుణ్ణి అత్తగారి ముందుగదిలో వదిలి వచ్చాం. పర్యావరణ విభాగం అధిపతి పోస్టు కోసం అతను ఏళ్ళ తరబడి ఎదురు చూశాడు. నోటీసు బోర్డు మీద ఆ పోస్టు పక్కన చిన్నల్లుడి పేరు వచ్చింది, చార్జి తీసుకోవడమే మిగిలింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని బోర్డు దగ్గర ఎవరో అన్నారు. చెవుల మాట వస్తే నవ్వడం అలవాటు కాబట్టి చెవులపిల్లి నవ్వాడు. ఆ సాయంత్రం అత్తగారు ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి, ఫోను పెద్దల్లుడి చేతిలో పెట్టింది. "నువ్వు తియ్యి నాయనా. నీ చెయ్యి వణకదు" అంది. మధ్యలో చిన్నల్లుడు నిలబడ్డాడు. చెయ్యి వణకలేదు. తీసినవాడు కాబట్టి పెద్దల్లుడు ఆ ఫోటోలో లేడు. మర్నాడు పొద్దున చూస్తే అతని భార్య ఫోను తెర మీద అదే ఫోటో ఉంది.

చిన్నల్లుణ్ణి ఈ ఉద్యోగంలోకి తెచ్చింది పెద్దల్లుడే. దరఖాస్తు తెచ్చిచ్చింది అతను. ఇంటర్వ్యూకి తన బూట్లు ఇచ్చి పంపింది అతను. చేరిన మొదటి వారం ట్యాంకుల హాలంతా తిప్పి, ఏ చక్రం ఎటు తిరుగుతుందో చేయి పట్టి చూపించింది అతను. ఆ మనిషి ఒక్కసారైనా పొగరుగా మాట్లాడి ఉంటే పెద్దల్లుడికి హాయిగా ఉండేది. అలాంటి అదృష్టం కలగలేదు. ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు. "అన్నయ్యా" అంటాడు. పోస్టు వచ్చిన రోజు కూడా మొదట అతని దగ్గరికే వచ్చి, "ఇది మీరు నేర్పిన పనే అన్నయ్యా" అన్నాడు. తిట్టడానికి సందు ఇవ్వని మనిషిని చూసి కుళ్ళుకోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు ట్యాంకుల సంగతి.

ప్లాంటులో నేల కడిగిన నీళ్ళు, పని ముగించి మనుషులు స్నానం చేసిన నీళ్ళు, వాళ్ళ బట్టలు ఉతికిన నీళ్ళు, పంపుల నుంచి కారిన నీళ్ళు, అన్నీ ఒక చోటికి చేరతాయి. వడపోత అయ్యాక మూడు ట్యాంకుల్లోకి వెళతాయి. ఒక ట్యాంకు నిండాక దాని నీళ్ళను పంపుతో బాగా కలియతిప్పి, సీసాలో శాంపిల్ పట్టి ల్యాబ్‌కు పంపుతారు. అందులో రేడియేషన్ హద్దులో ఉందని తేలితే ల్యాబ్ కెమిస్టు తాళంచెవి పట్టుకుని స్వయంగా వస్తాడు. బయటికి పోయే వాల్వు తాళం అతని దగ్గరే ఉంటుంది. వ్యర్థజలాలవాళ్ళు తమంతట తాము ఒక్క బిందెడు నీళ్ళు కూడా బయటికి వదలలేరు.

ఆ రోజు పరీక్షయి వచ్చింది రెండో ట్యాంకు. వదలాల్సింది ఆ ఒక్కటే. కానీ రెండో ట్యాంకునీ మూడో ట్యాంకునీ కలుపుతూ అడుగున ఒక పైపు ఉంది. దాని మీద ఉన్నదాన్ని జంట వాల్వు అంటారు. అది మూసి ఉంటే రెండూ వేరు. తెరిచి ఉంటే ఒకదాన్ని వదిలినా రెండూ ఖాళీ అవుతాయి. కిందటి వారం రెండో ట్యాంకు అడుగు కడగడానికి దాన్ని తెరిచారు. కడగడం అయిపోయింది. మూశారో లేదో ఎవరికీ గుర్తు లేదు.

గుర్తు ఉండనక్కర్లేదు. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉంది. నీళ్ళు వదిలే ముందు జంట వాల్వు చక్రాన్ని ఇద్దరు చేత్తో పట్టుకుని చూడాలి. ముందు వ్యర్థజలాల సూపర్‌వైజరు, తర్వాత ల్యాబ్ కెమిస్టు. కలిసి వెళ్ళకూడదు. నువ్వు చూశావా అని ఒకరినొకరు అడగకూడదు. అడిగినా చెప్పకూడదు. "ఇద్దరు కలిసి చూస్తే అది ఒక్క చూపే" అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు పెద్దల్లుడు. చిన్నల్లుడికీ ఆ మాట చెప్పింది అతనే.

షిఫ్ట్ ఇంజనీరు ఒక స్త్రీ. గొంతు పెంచి ఆవిడ మాట్లాడగా ఎవరూ వినలేదు. వార్త చేరిన కాసేపటికి ఆవిడ గదిలో నలుగురు ఉన్నారు. ఆవిడ, పెద్దల్లుడు, చిన్నల్లుడు, చెవులపిల్లి.

"నీళ్ళు ఆగిపోయాయా?" అని అడిగింది.

"ఆగిపోయాయి మేడమ్," అన్నాడు చెవులపిల్లి. "నేనే ఆపాను."

"ఏం ఆపావు?"

"పంపు కట్టేశాను. కిందికి పరుగెత్తి బయటి వాల్వు మూసేశాను. ఆ గాభరాలో చేతికి దొరికిన చక్రమల్లా తిప్పేశాను."

"జంట వాల్వు?"

"అదీ తిప్పాను."

"తిరిగిందా?"

చెవులపిల్లి తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. "తిరిగినట్టే ఉంది మేడమ్. బిగిసినట్టూ ఉంది. ఒట్టేసి చెప్పమంటే ఒట్టెయ్యలేను."

"వెయ్యొద్దు. తెలియదనే చెప్పు."

పెద్దల్లుడు గొంతు సవరించుకున్నాడు. "బయటికి పోయే పైపు మీద రేడియేషన్ మీటరు ఉంది కదా మేడమ్. అది మోగలేదు. అంటే నీళ్ళలో ఏమీ లేనట్టేగా."

"పరీక్షే రాయనివాణ్ణి పాసయ్యాడంటామా?" అందావిడ. "ఆ మీటరుకు అన్నీ కనబడవు. అది మీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. చిన్నల్లుడు తల వంచుకుని ఉన్నాడు. మీటరు సంగతి తెలిసీ ఆ మాట అతను అనకుండా ఊరుకున్నందుకు కూడా పెద్దల్లుడికి మండింది.

షిఫ్ట్ ఇంజనీరు టేబుల్ మీది ఫోను దగ్గరికి లాక్కుంది. శాంపిల్ లేకుండా నీళ్ళు బయటికి వెళితే నాలుగు గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి. నీళ్ళు మంచివా చెడ్డవా అన్నది తర్వాతి మాట. ముందు వెళ్ళాయని చెప్పాలి. ఆవిడ చెప్పింది. అవతలివాళ్ళు అడిగినవాటికి జవాబులిచ్చి పెట్టేసింది.

"మళ్ళీ వాళ్ళే చేస్తారట," అంది. "వాల్వు చూడాల్సిన ఇద్దరితోనూ మాట్లాడతారు. ఒక్కొక్కరితో విడిగా. ముందు కెమిస్టు, తర్వాత మీరు." తర్వాత ఇద్దరి వంకా చూసింది. "ఒక్క మాట వినండి. చూడకపోతే చూడలేదనండి. చూడకపోవడం తప్పు. మెమో వస్తుంది, వచ్చిన పోస్టు పోతుంది, రాబోయేదీ పోతుంది. ఉద్యోగం ఉంటుంది. అబద్ధం చెప్పారా, ఆ గేటు లోపలికి మళ్ళీ అడుగు పెట్టరు. నా చేతిలో కూడా ఏమీ ఉండదు."

చెవులపిల్లి తనకు సంబంధం లేకపోయినా ఉలిక్కిపడి తల ఊపాడు.

గది బయట వసారాలో ఒక బెంచీ, మంచినీళ్ళ కూలరు ఉన్నాయి. లోపల ఫోను మోగింది. చిన్నల్లుడు తలుపు తోసుకుని వెళ్ళాడు. పెద్దల్లుడు బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ పొద్దున జరిగింది ఇద్దరికే తెలుసు.

పెద్దల్లుడు జంట వాల్వు చూడటానికే బయలుదేరాడు. బూట్ల మీద తొడుగులు వేసుకున్నాడు, గ్లవుజులు వేసుకున్నాడు, ట్యాంకుల హాలు మెట్లు దిగుతున్నాడు. సగం దిగేసరికి కింద నవ్వులు వినిపించాయి. జంట వాల్వు ఉన్న గొయ్యి పక్కనే చిన్నల్లుడు తాళంచెవితో నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురు పనివాళ్ళు. గ్లవుజులతో చేతులు కలపకూడదు కాబట్టి మోచేతులు తగిలించి అభినందనలు చెబుతున్నారు. వెల్డరు గొంతెత్తి అంటున్నాడు, "ఇకనుంచి అన్నగారు కూడా తమరి కిందేనా సార్?"

నలుగురూ నవ్వారు. చిన్నల్లుడు ఏదో అన్నాడు. అది పంపుల మోతలో వినబడలేదు. అన్నది వినబడకపోతే మనిషి తనకు తోచింది వింటాడు. పెద్దల్లుడు తనకు తోచింది విన్నాడు.

అంతలో చిన్నల్లుడు తలెత్తి చూసి, పైకి వినబడేలా అరిచాడు. "అన్నయ్యా! జంట వాల్వు చూశారా?"

అడగకూడని ప్రశ్న అది. చెప్పకూడని జవాబు పెద్దల్లుడు చెప్పాడు.

"చూసేశాను. మూసే ఉంది."

వెనక్కి తిరిగి మెట్లెక్కి వచ్చేశాడు. కిందికి దిగితే ఆ నలుగురి మధ్యలోంచి నడవాలి. తన మోచెయ్యి కూడా చాచాలి. వాల్వు సంగతి కెమిస్టు చూసుకుంటాడు, రెండో చెయ్యి ఉన్నది అందుకే కదా అనుకున్నాడు.

బెంచీ మీద కూర్చుని ఇప్పుడు తలుపు వంక చూస్తున్నాడు. తలుపుకు పైభాగాన అద్దం ఉంది. అద్దంలోంచి చిన్నల్లుడి వీపు కనబడుతోంది. మాట వినబడటం లేదు. ఏం చెబుతుంటాడో ఊహించడం కష్టం కాదు. అన్నయ్య చూశానన్నారు, అందుకని నేను చూడలేదు అంటాడు. అంటే ఇద్దరి తప్పూ బయటపడుతుంది. పోస్టు అతని చేతిలోంచి పోతుంది. ఆ ఆలోచన రాగానే పెద్దల్లుడి గుండెల మీద నుంచి ఏదో దిగినట్టయింది. తన పరువు పోతుందని తెలుసు. అయినా దిగినట్టే అయింది. పొరుగువాడి రెండు కళ్ళు పోతాయంటే తనకు ఒక కన్ను పోయినా ఫర్వాలేదనుకున్నవాడి కథ చిన్నప్పుడు విన్నాడు. అప్పుడు నవ్వాడు.

ఇంకో దారి కూడా తోచింది. మెట్ల మీద నేనేమీ అనలేదంటే? పంపుల మోతలో ఆ నలుగురికీ వినబడి ఉండదు. నేను చూశాను, అప్పటికి మూసే ఉంది, తర్వాత సంగతి కెమిస్టునే అడగండి అంటే? ఇన్నేళ్ళ సర్వీసు ఒక పక్క, నిన్నగాక మొన్న పోస్టు తెచ్చుకున్నవాడు ఒక పక్క. ఎవరి మాట నమ్ముతారు? ఆ దారిలో కొంతదూరం వెళ్ళి చూశాడు. దారి బాగానే ఉంది. అది బాగానే ఉండటం చూసి వెనక్కి వచ్చాడు.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏంటి?" అన్నాడు.

"ఏంటేంటి? భోంచేశారా?"

"లేదు."

"అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం అందర్నీ భోజనానికి రమ్మంటోంది. మా మరిదిగారి పోస్టు కోసం."

"నాకు డ్యూటీ ఉంది."

"ఆదివారం మీకు డ్యూటీ లేదు. క్యాలెండరు మీద నేనే గీత గీశాను." అటునుంచి గిన్నె పెట్టిన చప్పుడు. "మా చెల్లెలు అడిగింది, బావగారికి ఒంట్లో బాగాలేదా అక్కా అని. నేనేం చెప్పాలి?"

"బాగానే ఉందని చెప్పు."

"చెప్పాను. నమ్మలేదు. నేనూ నమ్మలేదు." గొంతు తగ్గించింది. "చూడండి. మీకు రావాల్సింది అది. నాకు తెలీదా? కానీ ఇంట్లో నలుగురి ముందు మొహం అలా పెట్టుకుంటే పోయిన పోస్టు తిరిగి రాదు, ఉన్న మర్యాద పోతుంది."

"నీ ఫోను మీద ఆ ఫోటో తీసేయ్," అన్నాడు.

"ఏ ఫోటో?"

"తీసేయ్."

"అయ్యో రామా! అందులో నేనున్నానని పెట్టుకున్నానండీ. నేను నవ్వినట్టు పడిన ఫోటో అదొక్కటే."

తలుపు తెరుచుకుంది. "మళ్ళీ చేస్తా," అని పెట్టేశాడు.

చిన్నల్లుడు బయటికి వచ్చి నేరుగా కూలరు దగ్గరికి వెళ్ళాడు. గ్లాసు నింపుకుని తాగాడు. మళ్ళీ నింపి తెచ్చి పెద్దల్లుడికి ఇవ్వబోయాడు. పెద్దల్లుడు అందుకోలేదు.

"ఏం చెప్పావు?"

చిన్నల్లుడు అటూ ఇటూ చూసి పక్కన కూర్చున్నాడు. "ఇద్దరం చూశామని చెప్పాను అన్నయ్యా. ముందు మీరు, తర్వాత నేను. మూసే ఉందని."

పెద్దల్లుడు వినాలనుకున్న మాట అది కాదు. భయపడిన మాటా కాదు.

"నువ్వు చూశావా?"

"లేదు."

"మరి?"

"మీరూ అలాగే చెప్పండి. ఇద్దరు చూసినా నీళ్ళు వెళ్ళాయంటే వాల్వు లోపల అరిగి కారిందంటారు. వాల్వు మారుస్తారు. తప్పు ఇనుముది అవుతుంది. మనిషిది కాదు. చెవులపిల్లికి కూడా తెలియదనేగా చెప్పాడు."

"బాగున్న వాల్వును విప్పి, బాగాలేదని పారేస్తారు. ఇంకో రోజు ఇంకో ఇద్దరు ఇలాగే చూడరు."

"నేను ఆ పోస్టులో ఉంటానుగా అన్నయ్యా. చూసేలా నేను చూస్తాను."

ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. పెద్దల్లుడికి చెంప మీద కొట్టినట్టయింది.

"అసలెందుకు చూడలేదు నువ్వు?"

"మీరు చూశానన్నారు."

"నేనంటాను. నిన్నెవరు వినమన్నారు? వినకూడదని నేర్పింది ఎవరు?"

"మీరే."

"మరి?"

చిన్నల్లుడు గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పాడు. "ఇంకెవరన్నా వెళ్ళి చూసేవాణ్ణి. మీరు అక్కడ మెట్ల మీద నిలబడి చూశానన్నాక, ఆ నలుగురి ముందు నేను వంగి మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తే ఏమనుకుంటారు? పోస్టు రాగానే అన్నగారి మాట మీద నమ్మకం పోయిందనుకోరూ? మీరేమనుకుంటారు? అసలే మీరు..."

"అసలే నేను?"

"ఏం లేదు అన్నయ్యా."

"చెప్పు. అసలే నేను కుళ్ళుతున్నాను. అంతేగా?"

వసారాలో ఎవరో బూట్ల చప్పుడుతో దాటి వెళ్ళేదాకా ఇద్దరూ ఆగారు.

"మీ పేరు చెప్పలేకపోయాను," అన్నాడు చిన్నల్లుడు. "ఫోనులో ఆయన అడిగాడు, సూపర్‌వైజరు చూశాడా అని. నీళ్ళు పోయాయంటే మీరు చూడనట్టేగా. చూడలేదు అనబోయాను. నోరు రాలేదు. నాకు అన్నం పెట్టించినవాళ్ళు మీరు."

"నన్ను కాపాడావన్నమాట."

"అలా అనలేదు."

"నీ పోస్టు కూడా కాపాడుకున్నావు, దారిలో పనే కదా అని."

చిన్నల్లుడి మొహంలో మొదటిసారి రంగు మారింది. "పోస్టు మీరు తీసుకోండి. నిజంగా చెప్తున్నాను. ఈ గొడవ సద్దుమణిగాక నాకొద్దని చెప్పేస్తాను. తర్వాతి పేరు మీదే."

"నీ ఎంగిలి నాకెందుకురా?"

ఇన్నేళ్ళలో పెద్దల్లుడు అతన్ని రా అనడం అదే మొదలు. అత్తగారింట్లో ఆ మాట ఎవరి నోటా వినబడదు.

చిన్నల్లుడు లేచి నిలబడ్డాడు. "ఎలాగైనా అనండి. పడతాను. కానీ నేను ఒకసారి చెప్పేశాను అన్నయ్యా. ఇక మాట మార్చలేను. మేడమ్ చెప్పింది మీరూ విన్నారు. మార్చితే నేను గేటు బయటే. ఇంట్లో మీ మరదలికి ఏం చెప్పాలి?"

తలుపు తెరుచుకుంది. షిఫ్ట్ ఇంజనీరు పెద్దల్లుడి వంక చూసి తల ఊపింది.

అతను లేచాడు. బెంచీ నుంచి తలుపు దాకా ఉన్న దూరంలో అతనికి ఆదివారం కనిపించింది. ఈ ఆదివారం, ఆ తర్వాతి ఆదివారం, ఆ తర్వాతవి. చిన్నల్లుడు మధ్య కుర్చీలో కూర్చుంటాడు. అన్నయ్యా అంటాడు. నీళ్ళ గ్లాసు అందిస్తాడు. ఏమీ అనడు. ఎన్నటికీ ఏమీ అనడు. ఆ అననిదాన్ని తాను జీవితాంతం మోయాలి. పోస్టు అతనిది, ఫోటో అతనిది, ఇప్పుడు త్యాగం కూడా అతనిదే అయింది.

గదిలో ఫోను స్పీకరులో ఉంది. అవతలి గొంతు మగ గొంతు. వయసు తెలియలేదు. పెద్దల్లుడు తన పేరు, హోదా చెప్పాడు.

"ఈ పొద్దున జంట వాల్వును మీరు చేత్తో పట్టుకుని చూశారా?"

"లేదు."

షిఫ్ట్ ఇంజనీరు తలెత్తింది.

"చూశానని ఎవరితోనైనా అన్నారా?"

"అన్నాను. కెమిస్టుతో. మెట్ల మీద నుంచి."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకు అతను సిద్ధపడి రాలేదు. "కిందికి దిగబుద్ధి కాలేదు," అన్నాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

పెద్దల్లుడు ఇంకేమీ కలపలేదు. ఇక్కడితో ముగిసిపోతే బాగుండునని అతనికి అనిపించింది. తన తప్పు తాను ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఎవరి దయా కాదు. అది తనది.

"మీ తర్వాత కెమిస్టు వెళ్ళి చూశాడా?"

అద్దంలోంచి వసారా కనబడుతోంది. చిన్నల్లుడు బెంచీ మీద మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి ఉంది.

నాకు తెలియదు అనవచ్చు. ఆ మాట కాసేపటి కిందటి దాకా నిజమే. భార్య అయితే అదే అనమంటుంది. అత్తగారు అదే అనమంటుంది. అలా అంటే చిన్నల్లుడి ఉద్యోగం నిలబడుతుంది, పోస్టు నిలబడుతుంది, తన తప్పు ఒక్కటే కాగితం మీద మిగులుతుంది. నిజం చెబితే ఆ మనిషి గేటు బయట ఉంటాడు. నిజం ఇంత తియ్యగా ఉండటం పెద్దల్లుడు ఎన్నడూ ఎరగడు. అందుకే నోరు తెరవడానికి భయపడ్డాడు.

"వినబడిందా అండీ? కెమిస్టు చూశాడా?"

"చూడలేదు."

"మీకెలా తెలుసు?"

"ఇప్పుడే బయట నాతో అన్నాడు."

"మీరిద్దరూ దీని గురించి మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకున్నాం."

"మీకూ ఆయనకూ చుట్టరికం ఉందని విన్నాం."

"తోడల్లుళ్ళం."

అవతల కీబోర్డు మీద టకటక శబ్దం వినబడింది. చాలాసేపు వినబడింది. షిఫ్ట్ ఇంజనీరు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"కెమిస్టును మళ్ళీ పిలవండి," అంది గొంతు. "ఈయన్ని బయట ఉండమనండి."

పెద్దల్లుడు బయటికి వచ్చాడు. చిన్నల్లుడు లేచి అతని మొహంలోకి చూశాడు. చొక్కా సరిచేసుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు వెనకాల మూసుకుంది గాని గడియ పడలేదు. వేలెడంత సందు మిగిలింది. పెద్దల్లుడు అక్కడి నుంచి కదలాలని తెలిసీ కదలలేదు.

"జంట వాల్వు చేత్తో పట్టుకుని చూశానని ఇందాక చెప్పారు," అంది గొంతు. "మీ సూపర్‌వైజరు మీరు చూడలేదంటున్నారు. బయట మీరే ఆయనతో ఆ మాట అన్నారట. ఆలోచించుకుని చెప్పండి. చూశారా?"

లోపల కుర్చీ కదిలిన చప్పుడయింది.

"చూశాను సార్," అన్నాడు చిన్నల్లుడు.

"మరి ఆయన ఎందుకలా చెబుతారు?"

"అన్నయ్యని తప్పుపట్టకండి సార్." అతని గొంతు మెత్తగా ఉంది. పెద్దల్లుడికి మంచినీళ్ళు ఇవ్వబోయినప్పటి గొంతే అది. "ఈ పోస్టు ఆయనకు రావాల్సింది. లిస్టు వచ్చినప్పటి నుంచీ ఆయనకు మనసు బాగాలేదు. ప్లాంటులో ఎవర్నడిగినా చెబుతారు."

గొంతు షిఫ్ట్ ఇంజనీరును అడిగింది, ఆ పోస్టు సంగతి నిజమేనా అని.

ఆవిడ నిజమేనంది.

ఆ మధ్యాహ్నం నియంత్రణ సంస్థ రెండు వాంగ్మూలాలు నమోదు చేసుకుంది. ఒకదానికొకటి పొసగలేదు. రెండూ నాలుగు గంటల గడువు లోపలే అందాయి.